కొత్త పావుకు ఎన్ని పాయింట్లు? చదరంగం వేరియంట్లలో విలువ కట్టే నాలుగు దారులు, ఎవరికి ఏది

"సార్, నా ఆర్చ్‌బిషప్ ఇచ్చేసి వీడి ఏనుగు తీసుకోవచ్చా?"

తొమ్మిదో తరగతి అమ్మాయి, బల్ల మీంచి తల ఎత్తకుండా అడిగింది. తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడ మీద ఆదివారం సాయంత్రాలు పిల్లలు చదరంగం ఆడతారు. ఆ రోజు రెండు వైపులా మంత్రులను తీసేసి, వాటి స్థానంలో ఆర్చ్‌బిషప్‌లను పెట్టి ఆడిస్తున్నాను. బిషప్ లాగానూ గుర్రం లాగానూ కదిలే పావు అది. ఆట మధ్యలో నేను సలహా చెప్పకూడదు కాబట్టి "నువ్వే తేల్చుకో అమ్మా" అన్నాను. ఆ పిల్ల నోటు పుస్తకం చివరి పేజీలో లెక్క వేసి నాకే చూపించింది. ఖాళీ బల్ల మీద ఏనుగు సగటున 14 గళ్ళకు వెళ్తుంది. బిషప్ 8.75, గుర్రం 5.25, రెండూ కలిపితే ఆర్చ్‌బిషప్‌కూ 14. "రెండూ సమానమే సార్" అని మార్పిడి చేసేసింది.

లెక్కలో ఒక్క అంకె తప్పు లేదు. ఆట మాత్రం పోయింది. (గళ్ళ పేర్లు తెలియనివాళ్ళకు: నిలువు వరసలకు ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డు వరసలకు 1 నుంచి 8 దాకా అంకెలు.) తన రాజు హెచ్1 మూలలో ఉంది, జీ బంటు ఎప్పుడో పోయింది. ఎదుటి పిల్లాడి ఆర్చ్‌బిషప్ వచ్చి ఎఫ్3లో కూర్చుంది. ఐమూలగా చూస్తే జీ2, హెచ్1 దాని దారిలోనే ఉన్నాయి. గుర్రం దూకే తీరుగా చూస్తే జీ1, హెచ్2 కూడా దానివే. రాజు కదలడానికి గడి లేదు, మధ్యలో అడ్డం పెట్టడానికి పావు లేదు. ఇంకే పావు సాయమూ లేకుండా ఒక్క ఆర్చ్‌బిషప్పే మేట్ చేసేసింది. మంత్రికి కూడా ఒంటరిగా ఇది చేతకాదు, రాజు తన పావుల మధ్య తానే ఇరుక్కుంటే తప్ప.

ఒక్క ఆటతో ఏదీ రుజువు కాదు, ఆ సంగతి తర్వాత చెబుతాను. ఈ మార్పిడి తప్పని మాత్రం గట్టిగా చెప్పగలను. ఆర్చ్‌బిషప్ విలువ ఏనుగు దగ్గర కాదు, మంత్రి దగ్గర ఉంటుంది. మరి సరైన లెక్క తప్పు జవాబు ఎందుకు ఇచ్చింది? ఇంట్లో కొత్త పావులతో ఆడేవాళ్ళు, పిల్లలకు నేర్పేవాళ్ళు, సొంతంగా వేరియంట్ (పావులో నియమాలో మార్చిన చదరంగం) తయారు చేద్దామనుకునేవాళ్ళు విలువ కట్టడానికి ఏ దారి పట్టాలి? నేను అన్నీ ప్రయత్నించాను కాబట్టి, ఏది ఎక్కడ పనికొస్తుందో ఏది ఎక్కడ ముంచుతుందో రాస్తున్నాను.

పేర్ల గురించి ముందే ఒక మాట. మంత్రి అంటే క్వీన్, ఏనుగు అంటే రూక్. బిషప్‌ను మా తాత శకటం అనేవాడు, కొన్ని ఇళ్ళలో ఒంటె అంటారు. గొడవ లేకుండా ఇక్కడ బిషప్ అనే రాస్తాను. వేరియంట్లలో క్యామెల్ అని వేరే పావు ఉంది, అది ఈ ఒంటె కాదు. అలాగే 2007లో యాసర్ సెయిరవాన్, బ్రూస్ హార్పర్ తెచ్చిన సెయిరవాన్ చెస్‌లో ఏనుగూ గుర్రమూ కలిసిన పావును ఎలిఫెంట్ అంటారు. అది కూడా మన ఏనుగు కాదు. పిల్లలకు నేర్పేటప్పుడు ఈ రెండింటి దగ్గరే ఎక్కువ తికమక వస్తుంది.

గళ్ళు లెక్కపెట్టడం

అన్నిటికంటే సులువు, పైసా ఖర్చు లేదు. పావు ప్రతి గడి నుంచీ ఎన్ని గళ్ళకు వెళ్ళగలదో కూడి, 64తో భాగిస్తే సగటు వస్తుంది. దూకే పావులకైతే అన్ని గళ్ళూ తిరగక్కర్లేదు, అడ్డదారి ఉంది. గుర్రం ఒక వైపు 1, ఇంకో వైపు 2 గళ్ళు దూకుతుంది. 8లోంచి 1 తీస్తే 7, 2 తీస్తే 6. 7×6 = 42. ఎనిమిది దిక్కులకు దూకగలదు కాబట్టి 42×8 = 336. దాన్ని 64తో భాగిస్తే 5.25. క్యామెల్ 1, 3 దూకుతుంది: 7×5×8 = 280, సగటు 4.375. జీబ్రా 2, 3 దూకుతుంది: 6×5×8 = 240, సగటు 3.75. ఐదో తరగతి పిల్లలు కూడా చేసేస్తారు.

జరిగే పావులకు వచ్చేసరికి ఈ లెక్క దారి తప్పుతుంది. ఖాళీ బల్ల మీద బిషప్ 8.75, గుర్రం 5.25 అంటే బిషప్ గుర్రానికి ఒకటిన్నర రెట్లు దాటిపోయినట్టు. ఆటలో అలా ఉండదని మనందరికీ తెలుసు. కారణం తేలికే, ఆట ఎప్పుడూ ఖాళీ బల్ల మీద జరగదు. అమెరికా ఆటగాడు రాల్ఫ్ బెట్జా దీనికి మంచి ఉపాయం చూపించాడు. దారిలో ఉన్న ప్రతి గడీ ఖాళీగా ఉండే అవకాశం 0.7 దగ్గర అనుకోవాలి. మొదటి గడికి పూర్తి లెక్క, రెండోదానికి 0.7, మూడోదానికి 0.49, ఇలా దూరం పోయేకొద్దీ తగ్గించుకుంటూ పోవాలి.

అలా చేస్తే గుర్రం 5.25 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే దాని దూకుడికి అడ్డం లేదు. బిషప్ 5.9కి దిగుతుంది, ఏనుగు 8.1కి, మంత్రి 14కి. ఇప్పుడు అంకెలు మనం చిన్నప్పటి నుంచి వింటున్న 3, 3, 5, 9 నిష్పత్తికి (బంటు 1 అనుకుంటే గుర్రం, బిషప్, ఏనుగు, మంత్రి పాయింట్లు) బాగా దగ్గరపడ్డాయి. ఈ పద్ధతి మీద నాకు నమ్మకం కుదిరింది నైట్‌రైడర్ లెక్క వేసినప్పుడు. ఇంగ్లండుకు చెందిన టి.ఆర్. డాసన్ 1925లో తెచ్చిన పావు అది. గుర్రం దూకుడును ఒకే దిక్కున వరసగా ఎన్నిసార్లయినా దూకొచ్చు, మధ్యలో దిగే గళ్ళు ఖాళీగా ఉండాలి. ఖాళీ బల్ల మీద దాని సగటు 9.5, ఏనుగు 14 కన్నా చాలా తక్కువ. 0.7 పెట్టి చూస్తే నైట్‌రైడర్ 8, ఏనుగు 8.1. నైట్‌రైడర్‌ను ఏనుగుతో సమానంగా చూడడం వేరియంట్లు ఆడేవాళ్ళలో మామూలే. ఆ మాట వెనక ఉన్న లెక్క ఇది.

ఇంత బాగున్నా ఈ దారిలో మూడు గుంతలున్నాయి.

పావు బల్లలో ఎంత భాగం తిరగగలదో సగటు చెప్పదు. చదరంగానికి పాత పర్షియా రూపమైన షత్రంజ్‌లో అల్ఫిల్ అనే పావు ఐమూలగా రెండో గడికి దూకేది. సగటు 2.25. బల్ల మీద ఒక గడిలో పెడితే, ఆట అయ్యేదాకా అది తిరగగలిగే గళ్ళు మొత్తం 8 మాత్రమే. మిగతా 56 గళ్ళలో ఏం జరిగినా దానికి సంబంధం లేదు. క్యామెల్ కూడా పుట్టిన రంగు వదలదు, సగం బల్లే దానిది. ఇలాంటి వాటికి లెక్కలో వచ్చినదాని కంటే తగ్గించాలి. అదే రంగు వదలని పావులు రెండు రంగుల మీదా జంటగా ఉంటే మళ్ళీ కొంత కలపాలి. మామూలు చదరంగంలోనే బిషప్‌ల జంటకు అరబంటు ఎక్కువ విలువ ఉంటుందని లారీ కాఫ్‌మన్ 1999లో వేల ఆటలు పరిశీలించి చెప్పాడు.

రెండోది దిక్కు. ముందుకు వేసే ఎత్తు వెనక్కి వేసే ఎత్తు కన్నా విలువైనది. బంట్లు, రాజు, గెలుపు అన్నీ ముందే ఉంటాయి. ఒక గడి నేరుగా కదిలే వజీర్ సగటు 3.5, ఒక గడి ఐమూలగా కదిలే ఫెర్జ్ సగటు 3.06. కానీ ఫెర్జ్‌కు ముందుకు రెండు దారులు, వజీర్‌కు ఒక్కటే. అందుకే వజీర్ బల్ల అంతా తిరగగలిగినా, ఫెర్జ్ ఒకే రంగుకు కట్టుబడినా, ఆటలో రెండూ దాదాపు సమానంగానే పనికొస్తాయి. అన్నట్టు ఈ ఫెర్జ్ మరెవరో కాదు, మన పాత మంత్రే. చతురంగం రోజుల్లో మంత్రి ఐమూలగా ఒక్క గడే కదిలేది. ఇప్పటి బలం దానికి పదిహేనో శతాబ్దం చివర్లో యూరప్‌లో వచ్చింది. పేరు చూసి విలువ ఊహించకూడదని పిల్లలకు చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

మూడో గుంతలోనే ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి పడింది. 0.7 పెట్టి లెక్కేసినా ఆర్చ్‌బిషప్‌కు 11.2 వస్తుంది. ఏనుగు 8.1ని 5 పాయింట్లనుకుంటే ఆర్చ్‌బిషప్ 7 పాయింట్లలోపే. ఆటలో కనబడే బలానికి అది చాలదు. పావులోని రెండు కదలికలు ఒకదాని లోటు ఒకటి ఎలా పూడుస్తాయో గళ్ళ లెక్కకు తెలియదు.

తెలిసిన పావు పక్కన పెట్టి చూడడం

కొత్త పావు దేనిలా ఉందో చూసి, దాని విలువకు కలపడం లేదా తీయడం రెండో దారి. మా ఊరి కూరగాయల అంగట్లో తూకం లేకుండానే "ఇది కిలోకి ఒక గుప్పెడు తక్కువ" అని చెప్పేవాళ్ళున్నారే, అలాంటి అంచనా ఇది. అనుభవం ఉంటే బాగా పనిచేస్తుంది.

మొదలుపెట్టాల్సింది మంత్రి దగ్గర. మంత్రి అంటే ఏనుగు, బిషప్ కలిసిన పావు. 5, 3 కలిపితే 8 రావాలి, మనం 9 అంటాం. ఆ ఒక్క పాయింటు ఎక్కడిది? రెండు పావుల పని ఒకే ఎత్తులో చేయగలగడం వల్ల, బిషప్‌కున్న ఒకే రంగు బాధ పోవడం వల్ల. అంటే కదలికలు కలిసినప్పుడు కూడిక మీద కొంత అదనం వేయాలి. ఏ లోటు పూడిందో చూసి ఎంత అదనమో నిర్ణయించుకోవాలి.

ఏనుగు, గుర్రం కలిసిన ఛాన్సలర్‌కు 5, 3 కలిపి 8, పైన కొంచెం వేస్తే మంత్రికి ఒక అడుగు కింద. ఆర్చ్‌బిషప్‌కు 3, 3 కలిపి 6. ఇక్కడ అదనం చాలా ఎక్కువ వేయాలి. ఎందుకో బల్ల మీద పెట్టి చూపిస్తాను, మీరూ చేసి చూడండి. పావును డీ4లో పెట్టి, చుట్టూ ఐదు గళ్ళ వెడల్పు చతురస్రం గీయండి. పావు కాక అందులో 24 గళ్ళుంటాయి. వాటిలో మంత్రి 16 గళ్ళను కొడుతుంది. ఛాన్సలర్ 16. ఆర్చ్‌బిషప్ కూడా 16. దగ్గరి పోట్లాటలో మూడూ సమానమే. మంత్రికి ఎక్కువున్నదల్లా దూరపు చూపు, పావులు నిండిన బల్ల మీద ఆ దూరపు చూపుకు చాలాసార్లు ఏదో ఒకటి అడ్డమే. పైగా ఆర్చ్‌బిషప్ కొట్టే గళ్ళు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉంటాయి, జీ2, జీ1, హెచ్1, హెచ్2 లాగా. పారిపోయే రాజును, వరసగా నడిచే బంట్లను ఇలాంటి పావే బాగా పట్టుకుంటుంది.

ఆర్చ్‌బిషప్, ఛాన్సలర్ కొత్తవేం కావు. ఇటలీలో పియెత్రో కరేరా 1617లోనే ఈ రెండింటినీ పెట్టి పెద్ద బల్ల మీద ఆట రాశాడు. ప్రపంచ ఛాంపియన్ కాపబ్లాంకా 1920లలో 10×8 బల్ల మీద మళ్ళీ ముందుకు తెచ్చాడు. అంత పాత పావుకు సరైన విలువ కంప్యూటర్లు వచ్చాక గానీ తేలలేదు. నెదర్లాండ్స్‌కు చెందిన ప్రోగ్రామర్ హెచ్.జి. ముల్లర్ చదరంగం ఆడే తన ప్రోగ్రాం, అంటే ఇంజన్‌తో వేల ఆటలు ఆడించి, 10×8 బల్ల మీద మంత్రి 9.5 అయితే ఛాన్సలర్ 9, ఆర్చ్‌బిషప్ 8.75 అని తేల్చాడు. అప్పటిదాకా ఆర్చ్‌బిషప్‌ను చాలామంది అంతకన్నా బాగా కింద పెట్టేవాళ్ళు. పోల్చే పద్ధతికి ఇదే బలహీనత. ఎంత అదనం వేయాలో మన మనసు చెబుతుంది, మనసు చాలాసార్లు పిసినారితనం చూపిస్తుంది.

ఆడి చూడడం

నాకు ఇష్టమైన దారి ఇది. పిల్లలకు పావు గురించి నిజంగా తెలిసేది ఇక్కడే.

ఒక వైపు కొత్త పావు పెట్టండి, రెండో వైపు దానికి సమానం అనుకున్నది పెట్టండి, మిగతా అంతా మామూలే. ఒక ఆట అయ్యాక వైపులు మార్చుకోండి, తెల్ల నల్ల కూడా మార్చుకోండి. కొత్త పావు కోసం డబ్బు పెట్టక్కర్లేదు. బిషప్ మెడకు రబ్బరు బ్యాండు వేస్తే ఆర్చ్‌బిషప్, ఏనుగును తలకిందులు చేస్తే ఛాన్సలర్. మేం రెండేళ్ళు అలాగే ఆడాం. తర్వాత ఏర్పేడు దగ్గర మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కే ఒకాయన చేత రెండు ఆర్చ్‌బిషప్‌లు చేయించుకున్నాం. బిషప్ తల మీద గుర్రం చెవులు పెట్టమంటే, ఆయన చెవులతో పాటు నుదుటి మీద జూలు కూడా చెక్కాడు. పిల్లలు వాటిని పోగొట్టకుండా చూసుకుంటున్నారు.

ఈ దారిలో పెద్ద మోసం తక్కువ ఆటలతో తీర్పు చెప్పేయడం. సమాన బలమున్న ఇద్దరు 20 ఆటలు ఆడితే 12–8 వస్తుంది, మనం వెంటనే "ఈ పావే గొప్ప" అంటాం. బొమ్మా బొరుసూ 20 సార్లు వేసి చూడండి. 12–8 గానీ అంతకన్నా ఎక్కువ తేడా గానీ దాదాపు సగం సార్లు వస్తుంది. 20 ఆటల్లో అదృష్టం వాటా నూటికి 11 దాకా అటూ ఇటూ ఊగుతుంది, 100 ఆటలైతే నూటికి 5, 400 ఆడితే రెండున్నర. అరబంటు తేడా పట్టుకోవాలంటే ఇంట్లో ఆడే ఆటలు చాలవు. "ఇది ఏనుగు లాంటిదా, మంత్రి లాంటిదా" అన్న పెద్ద ప్రశ్నకైతే చాలతాయి.

వచ్చిన తేడాను పాయింట్లలోకి మార్చడానికి కొలబద్ద కావాలి. అదే పిల్లల చేత, మామూలు పావులతో, ఒక వైపు ఒక బంటు తీసేసి ఆడించండి. ఆ ఒక్క బంటు గెలుపును ఎంత మార్చిందో అదే మీ ఇంటి కొలత. కొత్త పావు వల్ల వచ్చిన తేడాను దానితో పోల్చాలి. చిన్నపిల్లల ఆటల్లో బంటు తేడా కనబడనే కనబడదు, మంత్రిని ఊరికే వదిలేసే వయసు వాళ్ళది. కాబట్టి కాస్త ఆట వచ్చినవాళ్ళతోనే కొలవాలి.

ఇంజన్‌తో ఆడించడం

నాలుగో దారి కంప్యూటర్. ఫెయిరీ స్టాక్‌ఫిష్ అనే ఉచిత ఇంజన్ ఉంది, కాపబ్లాంకా చెస్, సెయిరవాన్ చెస్, క్రేజీహౌస్, చైనా చదరంగం షియాంగ్చీ అన్నీ ఆడుతుంది. సొంత పావు కావాలంటే దాని కదలికను ఒక చిన్న ఫైలులో రాసి ఇస్తే చాలు. కదలిక రాసే ఆ అక్షరాల పద్ధతి పైన చెప్పిన బెట్జా పేరు మీదే ఉంది. మామూలు లాప్‌టాప్‌లో రాత్రి పెట్టి పడుకుంటే, తెల్లారేసరికి వందల కొద్దీ వేగమైన ఆటలు అయిపోయుంటాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. చాలామంది బల్ల మీద పావు పెట్టి, ఇంజన్ చూపించే అంకె చూసి అదే విలువ అనుకుంటారు. ఆ అంకెలో చాలావరకు ఇంజన్‌కు ముందే ఇచ్చిన విలువే తిరిగొస్తుంది. ఆటలు ఆడించి, ఫలితాలు లెక్కపెట్టాలి. రెండోది ఇంకా సూక్ష్మమైనది. ఇంజన్ తన దగ్గరున్న విలువ చూసే మార్పిడి చేస్తుంది. ఆర్చ్‌బిషప్‌కు 5 అని రాసి పెడితే దాన్ని ఏనుగుకు ఇచ్చేస్తూ ఉంటుంది, ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి లాగే. అప్పుడు ఫలితాలూ బలహీనంగానే వస్తాయి. అందుకే రెండు మూడు వేర్వేరు విలువలు పెట్టి ఆడించి, ఏ విలువతో ఆడితే ఎక్కువ గెలుస్తుందో చూడాలి.

2020లో గూగుల్ వారి కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్ పరిశోధకులు, మాజీ ప్రపంచ ఛాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్ కలిసి, తనతో తానే ఆడి నేర్చుకునే ఆల్ఫాజీరో ప్రోగ్రాం చేత చదరంగం తొమ్మిది వేరియంట్లు ఆడించి, ఆటల ఫలితాల నుంచి ప్రతి వేరియంట్‌లో పావుల విలువలు వెనక్కి లెక్క కట్టారు. కదలికల నియమం కొంచెం మారినా పావుల విలువలు మారతాయని అందులో చూడొచ్చు. ఆ స్థాయి యంత్రాలు మన ఇళ్ళలో ఉండవు, పద్ధతి మాత్రం అదే.

ఒకే అంకెకు లొంగని పావులు

ఏ దారి పట్టినా కొన్ని పావులకు ఒకే విలువ కట్టడం కుదరదు. షియాంగ్చీలో ఫిరంగి ఉంది. మధ్యలో ఒక పావు ఉంటేనే దాని మీదుగా దూకి కొడుతుంది. చాలా పట్టికల్లో మన ఏనుగులా కదిలే రథం 9, ఫిరంగి 4.5, గుర్రం 4 అని ఉంటుంది. ఆట మొదట్లో బల్ల నిండా పావులే కాబట్టి ఫిరంగి చెలరేగుతుంది. చివరికి దూకడానికి ఆసరా దొరకదు, అప్పుడు గుర్రమే మేలు. మన జిల్లాలో తోతాపురి మామిడి ధర జూన్‌లో ఒకటి, ఆగస్టులో ఒకటి. ఫిరంగి ధర కూడా అంతే. డాసన్ 1913లో తెచ్చిన గ్రాస్‌హాపర్‌దీ ఇదే కథ, అడ్డం పావు లేకపోతే కదలనే కదలదు. ఇలాంటి వాటికి రెండు అంకెలు రాసుకోండి, మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి.

ఇంకోటి మేట్ చేసే శక్తి. రాజులా కదిలే, కానీ రాజు కాని పావును మ్యాన్ అంటారు. సగటు 6.56. ఆట మధ్యలో గుర్రానికి అటూ ఇటూగా ఉంటుంది, నడక నెమ్మది. చివర్లో తన రాజుతో కలిస్తే ఒంటరి రాజుకు మేట్ చేయగలదు. గుర్రం, బిషప్, క్యామెల్ ఇవేవీ ఒక్కటే మిగిలితే చేయలేవు. బంట్లు తక్కువగా మిగిలే వేరియంట్‌లో మ్యాన్‌కు కొంచెం ఎక్కువ వేయండి.

బల్ల సైజు కూడా చూసుకోవాలి. 8×8 మీద ఏనుగు సగటు గుర్రానికి 2.67 రెట్లు. 10×10 మీద ఏనుగు 18, గుర్రం 5.76, అంటే 3.1 రెట్లు దాటింది. పెద్ద బల్ల మీద దూకే పావులు వెనకబడతాయి.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఎదుటివాడి చేతిలో ఏముందన్న దాన్ని బట్టి విలువ మారడం. ఒక వైపు మూడు మంత్రులు, రెండో వైపు ఏడు గుర్రాలు, బంట్లు రాజులు మామూలే. పాయింట్లు కూడితే 27కు 21. మంత్రులు సులభంగా గెలవాలి. కానీ గెలిచేది గుర్రాలు. గుర్రం కాపలా ఉన్న ఏ గడిలోనూ మంత్రి అడుగు పెట్టలేదు, పెడితే 9 ఇచ్చి 3 తీసుకున్నట్టు. బల్లంతా కాపలా గళ్ళే అయ్యేసరికి మంత్రులకు నిలువ నీడ ఉండదు.

ఇది చదివినప్పుడు నాకు మా అవ్వ గుర్తొచ్చింది. చిత్తూరు దగ్గర మా ఊళ్ళో గుడి మండపం రాతి పలక మీద పులిజూదం గీతలుండేవి. 3 పులులు, 15 మేకలు. నేను ఎప్పుడూ పులులే కావాలనేవాణ్ణి. "తీసుకో నాయనా, నాకు మేకలు చాలు" అని అవ్వ చింతగింజలను ఒక్కొక్కటే, ఒకదానికొకటి ఆనుకునేట్టు పెట్టేది. ఒక్క మేకను కూడా ఒంటరిగా వదిలేది కాదు. కాసేపటికి మూడు పులులూ మూలల్లో కదలకుండా కూర్చునేవి. పులికి ఎన్ని పాయింట్లు, మేకకు ఎన్ని అని అవ్వ ఎప్పుడూ లెక్కేయలేదు. వెనక తోడున్న మేక బలం ఎంతో మాత్రం ఆమెకు బాగా తెలుసు.

మరి మీరు ఏది ఎంచుకోవాలి

సెలవుల్లో ఒక సాయంత్రం బంధువుల పిల్లలతో కొత్త పావు ఆడించాలంటే 0.7 లెక్క చాలు. పావుగంట పని. రంగు వదలని పావుకు కొంచెం తీసేయండి, రెండు కదలికలు కలిసిన పావుకు కొంచెం ఎక్కువే వేయండి, అంతే.

వారం వారం ఒకే పిల్లలకు నేర్పుతుంటే పోలికతో మొదలుపెట్టి, ఆడించి సరిచేసుకోండి. అంకె పక్కాగా రాకపోయినా ఫర్వాలేదు. పావు ఎక్కడ బలమో, ఎక్కడ నీరసమో పిల్లల చేతులకు తెలుస్తుంది. ఇంజన్ ఇచ్చే అంకె ఆ పని చేయదు. రెండు దారుల్లో ఒకటే పట్టమంటే నేను ఆడించడమే పడతాను.

బహుమతులు పెట్టి పోటీ నడుపుతున్నా, రెండు వైపులా వేర్వేరు సేనలు ఇచ్చి ఆడిస్తున్నా, ఇంజన్ లేకుండా వెళ్ళొద్దని గట్టిగా చెబుతాను. బెట్జా తయారు చేసిన చెస్ విత్ డిఫరెంట్ ఆర్మీస్‌లో రెండు వైపులా పావులే వేరు, బలం సమానంగా ఉండాలి. అలాంటి చోట ఒక్క బంటు తేడా అయినా పిల్లలు నష్టపోతారు. ఓడిన పిల్లకు "నీ సేనే తక్కువది" అని తర్వాత తెలిస్తే ఆ బాధ పెద్దది. నేను ఒకసారి ఆ పొరపాటు చేశాను. క్యామెల్‌ను గుర్రంతో సమానం అనుకుని ఒక వైపు గుర్రాలు తీసి క్యామెల్‌లు పెట్టాను. 4.375, 5.25 అని అంకెలు దగ్గరగా కనబడ్డాయి, ఒకే రంగు సంగతి మర్చిపోయాను. ఆ సేన వచ్చిన పిల్లలు ఆ సాయంత్రమంతా ఓడుతూనే ఉన్నారు.

ఇప్పుడు మా మేడ మీద నల్ల పలకపై సుద్దతో రాసి ఉన్న విలువలు ఇవి, అన్నీ 8×8 బల్లకే: ఛాన్సలర్ 8.5, ఆర్చ్‌బిషప్ 8, నైట్‌రైడర్ 5, మ్యాన్ 3, ఫెర్జ్, వజీర్ ఒకటిన్నర చొప్పున. క్యామెల్ పక్కన 2 అని రాసి ప్రశ్నార్థకం పెట్టాం. వచ్చే ఆదివారం ఒక వైపు ఒక గుర్రం తీసి క్యామెల్ పెడతాం, రెండో వైపు ఒక బంటు తీసేస్తాం. 2 నిజమైతే ఆటలు సమానంగా పంచుకోవాలి. మొదటి ఆట క్యామెల్‌తో ఆడేది ఆర్చ్‌బిషప్ పోగొట్టుకున్న అమ్మాయే. నోటు పుస్తకం తెస్తానంది.